వంక లేని కొంగలు

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్నే కొంగ వేషం కట్టుకుందామని సింగారప్ప చేతులెత్తబోతే, అవి మొరాయించాయి. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టి లేపి ఒక రెక్క తొడిగాడు. ఎడమ చేతిని లేపమంటే మాత్రం కుడిది ససేమిరా అంది. చివరికి పడవ నడిపే గంగులమ్మవ్వ వచ్చి, ఎద్దుకి కాడి కట్టినట్టు రెండో రెక్క కట్టి, నొసటి మీద సంగటి తెడ్డు బిగించింది.

"నా తెడ్డు జాగ్రత్తప్పా. నెల దాటిపాయె. నువ్వు దాన్ని మూతికి కట్టుకుని ఊరేగుతాంటే, నేను పడవ తెడ్డుతో సంగటి కెలుకుతాండా. సంగటంతా పాచి వాసన."

"తినేది నేనే కదవ్వా."

"ఓహో, నేను గాలి తిని బతుకుతాండానా?"

సింగారప్పకి నవ్వు వచ్చింది గానీ, నవ్వడానికి దవడలు సాయపడలేదు. కాళ్ళీడ్చుకుంటూ మడుగులోకి దిగాడు.

అద్దాలమడుగు అంటే అలాంటిలాంటి మడుగు కాదు. ముత్తెపుకోట రాజ్యానికి ఉత్తరాన పన్నెండు ఆమడల పొడవున పరుచుకుని ఉండేది. పొద్దున సూర్యుడు తన మొహం అందులో చూసుకుని, బొట్టు సరిగ్గా ఉందనుకున్నాకే పైకి లేచేవాడు. తామరలు అక్కడ గొడుగులంత. తుంగ రెండు తాటిచెట్లెత్తు. బురద సంగతి చెప్పనే అక్కర్లేదు. పూర్వం పట్టపుటేనుగు ఒకటి అందులో దిగబడితే తొండం కొస ఒక్కటే పైన మిగిలిందట, ఇప్పటికీ గంగులమ్మవ్వ పడవని దానికే కట్టేస్తుంది. ఆ నీళ్ళ నిండా తెల్లగా, ఎవరో ఆకాశానికి సున్నం కొడుతూ బొక్కెన జారవిడిచినట్టు, తెడ్డుమూతి కొంగలు. పదివేలు. అన్నీ ఒకే తెలుపు. అన్నిటికీ నల్లటి కాళ్ళు, కొస దగ్గర పసుపు పూసుకున్న తెడ్డులాంటి మూతులు.

ఆ పదివేలలో ఒకటి సింగారప్ప పెళ్ళాం.

అదెలా జరిగిందంటే, సింగారప్పది ఏడు తరాలుగా రాచగోడల మీద పిట్టల బొమ్మలు వేసే ఇల్లు. భార్య నాంచారమ్మ రంగులు నూరేది. ఒకనాడు ఉలూకాక్షుడనే మాంత్రికుడు తన గుహ గోడ మీద తన బొమ్మ వేయించుకుందామని వాళ్ళింటికి వచ్చాడు. ముందు ముక్కు వచ్చింది. కాసేపయ్యాక మిగతా మనిషి వచ్చాడు. నాంచారమ్మ తలెత్తి చూసి, "సామీ, ఈ ముక్కుకి మీ గుహ ఒకటే చాలదు. పక్క కొండ కూడా తొలిపించండి" అంది. అంతటితో ఊరుకుంటే పోయేది. కిలకిలా నవ్వింది. మాంత్రికుడు గుప్పెడు బూడిద ఊదాడు. "ముక్కులంటే నవ్వొచ్చిందా? అయితే నువ్వూ ఒకటి మొయ్యి!" అన్నాడు. నూరుడు రాయి దగ్గర నుంచి తెడ్డుమూతి కొంగ ఒకటి లేచి, కిటికీలోంచి వెళ్ళి, ఉత్తరాన మడుగుకి పోతున్న గుంపులో కలిసిపోయింది.

దీనికి విరుగుడు చెప్పింది గంగులమ్మవ్వే. ఉలూకాక్షుడికి నిద్రలో మాట్లాడే జబ్బుంది. ఒకసారి ఆమె పడవలో మడుగు దాటుతూ కునుకు తీసి, తన శాపాలకు విరుగుళ్ళన్నీ వరసగా అప్పజెప్పాడట. ఆ కొంగనే చూసి, ఉన్నది ఉన్నట్టు గుడ్డ మీదకి దించి, అన్నీ అయ్యాక చివర కన్ను తెరవాలి. పిట్ట రూపం గుడ్డకి అంటుకుపోయి మనిషి విడుదలవుతుంది. అయితే గడువుంది. వడగాలి మొదలైన రోజున కొంగలు మంచుకొండల అవతలికి ఎగిరిపోతాయి. ఆ కొండలు దాటాయంటే, లోపలి మనిషి కూడా కొంగైపోతుంది. మొగుడు ఎదురుగా నిలబడినా చేప కాదు గదా అని పక్కకి తిరిగిపోతుంది.

అందుకే సింగారప్ప, పిట్టలు బెదరకుండా కొంగ వేషం కట్టి, మడుగులో నడుంలోతు నీళ్ళలో నిలబడి కొంగలని గీస్తున్నాడు. బయట గీత, ఇంట్లో రంగు, అది వాళ్ళ ఇంటి పని తీరు. చింతబరికె కాల్చిన బొగ్గుతో, సుద్ద పూసిన గుడ్డపీలిక మీద, పిట్ట తల తిప్పేలోగా చెయ్యి ఎత్తకుండా ఒకే గీతలో దాన్ని పట్టేయాలి. తర్వాత దిబ్బ మీద గంగులమ్మవ్వ పాకలో కూర్చుని, ఆ పీలిక చూస్తూ పెద్ద గుడ్డ మీద తీరిగ్గా దించాలి. శంఖం అరగదీసిన తెలుపు, దీపం మసి, హరిదళం పసుపు, తుమ్మజిగురు, ఉడతతోక కుంచె. ఆఖర్న కన్ను. నాలుగు వందల పన్నెండు కొంగలకి కళ్ళు తెరిచాడు. నాలుగు వందల పన్నెండు సార్లు గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఎండ తప్ప ఎవరూ నిలబడలేదు.

ఆ పూట రెండు పీలికలు కూడా నిండలేదు. గీస్తూ గీస్తూనే నిలబడి నిద్రపోయాడు. ఒక మగకొంగ వచ్చి, సింగారప్ప నొసటి మీద తెడ్డు చూసి ముచ్చటపడి, ఒక చేపపిల్లని తెచ్చి దాని మీద పెట్టింది. చేప జారి చెవిలో కొట్టుకునేసరికి ఉలిక్కిపడి లేచి, మధ్యాహ్నానికి దిబ్బకి చేరాడు.

గంగులమ్మవ్వ ఎండుచేపలు పొట్లాలు కడుతోంది. రంగులేసేశాక పారేసిన బొగ్గు పీలికలన్నీ ఆమెకి పనికొచ్చాయి. కొన్ని పొయ్యిలోకి, కొన్ని పడవ చిల్లులకి, మిగతావి పొట్లాలకి.

"అప్పా, ఒక మాటడుగుతా, కోపగించుకోవు గదా?"

"కోపానికి ఓపికుండాలవ్వా. అడుగు."

ఆమె ఒక పీలిక పైకెత్తి, తాడు మీద ఆరేసిన బొమ్మ పక్కన పట్టింది. "ఈ బొగ్గు గీతలో కొంగకి కుడి రెక్క కొస ఈక సగానికి తెగింది. రంగుల బొమ్మలో నిండుగా ఉండాదే? నా చూపు మందగించిందా, నీ చెయ్యా?"

"రెండూ కాదు. రాచగోడ మీద పిట్టకి వంక ఉండకూడదు." సింగారప్ప గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకునే చెప్పాడు. "కుంటిదైతే కాలు సరిచెయ్యాల. ఈక ఊడితే ఈక పెట్టాల. వంకపిట్ట గోడకెక్కితే రాజ్యానికి అరిష్టం. మా ముత్తాత తాత నాటి పద్ధతి. చెయ్యి దానంతటదే..."

మాట సగంలో ఆగిపోయింది. కళ్ళు తెరుచుకున్నాయి.

గంగులమ్మవ్వ మెల్లగా అంది, "ఉన్నది ఉన్నట్టు దించాల, అన్యాడు గదా వాడు నిద్దట్లో?"

సింగారప్ప పాకుతూ వచ్చి పొట్లాలన్నీ విప్పాడు. ఎండుచేపలు నాలుగు దిక్కులా చెదిరాయి. తొమ్మిదో రోజు పీలిక. కుడి రెక్క, కొస ఈక, సగానికి తెగి. పన్నెండో రోజుది. మళ్ళీ అదే కొంగ. ఇరవయ్యో రోజు, ఇరవై రెండు, ముప్పై. మొత్తం ఏడు. పెళ్ళయిన కొత్తలో ఎర్రరంగుకి ఇంగిలీకం దంచుతూ నాంచారమ్మ కుడిచేతి చిటికెన వేలు రోకలి కింద పెట్టుకుంది. కొస కణుపు పోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ చేత్తో పెట్టిన అన్నమే తింటున్నాడు.

ఏడుసార్లు చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చి నిలబడింది. వెనకాల ఉన్న కొంగలు కనబడనివ్వడం లేదని రెండుసార్లు బురదముద్ద విసిరి తరిమాడు కూడా. గీసిన ఏడుసార్లూ తెగిన ఈకని అతికి, రాచగోడకి పనికొచ్చేలా దిద్ది, ఎవరో ముక్కూమొహం తెలియని కొంగకి కన్ను తెరిచాడు.

"నా చేతులు విరగ్గొట్టవ్వా," అన్నాడు.

"విరగ్గొడతాలే. ముందు వాటితో పనుంది. ఈ బొమ్మల్లోనే ఆ ఈక చెరిపెయ్యరాదూ?"

"తెరిచిన కన్ను మళ్ళీ తెరవడానికి లేదు. కొత్తది వెయ్యాల్సిందే. పొద్దుగూకే లోపల..."

అప్పుడే పాక కప్పు మీద గడ్డి గలగలమంది. పొయ్యి మీద కుండ మూతని ఎవరో తీసినట్టు, పడమటి నుంచి వెచ్చటి గాలి ఒకటి వచ్చి మొహాన కొట్టింది. మడుగులో పదివేల కొంగలు ఒక్కసారి తలలెత్తాయి.

వడగాలి.

ఇక చూడాలి పరుగు! మోకాళ్ళ నొప్పి పాకలోనే వదిలేసి, సింగారప్ప గుడ్డ చంకలో, రంగుల పెట్టె తలపాగా మీద పెట్టుకుని పడవలోకి దూకాడు. గంగులమ్మవ్వ తెడ్డు ఒక్క వేటు వేస్తే పడవ నీళ్ళ మీద కాక గాలి మీద పోయింది. తుంగ చీలింది, తామరలు తలలొంచాయి. మడుగు నడిమధ్యకి వచ్చేసరికి ముందు వరస కొంగలు లేచిపోతున్నాయి. ఆకాశం తెల్లబడుతోంది, నీళ్ళు నల్లబడుతున్నాయి.

"కేకెయ్యి, అబ్బోడా! పేరు పెట్టి కేకెయ్యి!"

"నాంచారీ!" అని అరిచాడు. ఏ కొంగా తిరగలేదు. వేషం పీకి పారేశాడు, నొసటి తెడ్డు ఊడదీసి పడవలో పడేశాడు. గొంతు చించుకున్నాడు. రెక్కల హోరులో తన కేక తనకే వినబడలేదు. నీరసం కమ్మేసి పడవ అంచున కూలబడ్డాడు. ఏం చేయాలో తోచక, చేతులకి వచ్చిన పని ఒకటే కాబట్టి, చిప్పలో శంఖం పొడి, జిగురు కలపసాగాడు. అది ఎండకి గట్టిపడింది. ఇరవై ఏళ్ళ అలవాటున, తల కూడా ఎత్తకుండా, విసుగ్గా అన్నాడు:

"నాంచారీ, రంగు చిక్కబడింది. నీళ్ళు పొయ్యి."

తుంగలోంచి ఒక కొంగ రెక్క కాస్త వాలుగా వేసుకుంటూ వచ్చి పడవ ముక్కు మీద వాలింది. మూతిని మడుగులో ముంచి, తెచ్చి, చిప్పలో మూడు చుక్కలు పోసింది. మూడే. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

గంగులమ్మవ్వ తెడ్డు ఆపేసింది. సింగారప్పకి కళ్ళ ముందు అంతా కరిగినట్టయింది. "ఏడవడానికి టయిము లేదు, గియ్యి!" అని ఆమె గద్దిస్తే గానీ కుంచె తీయలేదు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బయట, ఊగే పడవలో, ఎదురుగా పిట్టని పెట్టుకుని రంగుతో గీశాడు. మెడ వంపు, వీపు, మడిచిన కాలు. సరిగ్గా రెక్క దగ్గరికి వచ్చేసరికి నెత్తి మీద గుడ్లగూబ అరిచినట్టు ఒక నవ్వు. తలెత్తితే ఆకాశంలో చేట మీద కూర్చుని ఉలూకాక్షుడు. ముక్కు చేటలో పట్టక ముందుకి పొడుచుకొచ్చింది.

"ఏమోయ్, ఏడు తరాల ఇల్లు! వంకపిట్టని గీస్తున్నావా? మీ తాతలు చితుల్లోంచి లేచి వచ్చి నీ మొహాన ఉమ్మేస్తారు!"

ఆ మాటకి సింగారప్ప కుంచె దానంతటదే తెగిన ఈక కొస దాటి ముందుకి జారబోయింది. ఠపీమని గంగులమ్మవ్వ సంగటి తెడ్డు వచ్చి మణికట్టు మీద పడింది.

"ఆడికే ఆగిపో! పెళ్ళాం కావాల్నా, గోడ కావాల్నా?"

కుంచె ఆగింది. సగం ఈక సగంగానే ఉండిపోయింది. ఏడు తరాలలో మొదటి వంకపిట్ట.

మాంత్రికుడు గుప్పెడు గులకరాళ్ళు మడుగులోకి విసిరాడు. రాళ్ళు పడ్డచోట నీళ్ళు కుతకుతలాడి, పడవకి రెండింతల మొసలి ఒకటి లేచి నోరు తెరిచింది. గంగులమ్మవ్వ వెనకాముందూ చూడకుండా చేతికి అందింది దాని నోట్లో కుక్కింది. అది రంగుల పెట్టె. మొసలి నోరు మూసింది, నమిలింది, ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా, ఒకసారి నీలంగా తేన్చి, పశువుల పండగ ఎద్దులా ఒళ్ళంతా చారలు తేలి, సిగ్గుపడి నీళ్ళలోకి మునిగిపోయింది. దాని జాతి మొసళ్ళు ఈనాటికీ దాన్ని దగ్గరికి రానివ్వవట.

"అవ్వా! నలుపు అందులోనే ఉండాది! కాళ్ళకి, మూతికి, కంటికి నలుపు యాడినుంచి తేవాల?"

"పక్కనే పెట్టుకుని ఊరంతా తిరుగుతావా నలుపు కోసం?" అంటూ ఆమె పడవ మూలనున్న గంజికుండని బోర్లించి, అడుగున ముప్పై తొమ్మిది రోజుల మసిని గోళ్ళతో గీకి ఇంకో చిప్పలో పోసింది. అలాంటి నలుపు రాజుగారి భాండాగారంలో కూడా లేదు. ఒక వేటుకి కాళ్ళు, ఒక వేటుకి మూతి. మూతి కొసన పసుపెలా అంటే, అవ్వ రొంటిలోంచి చిటికెడు పసుపు తీసి ఇచ్చింది. బొమ్మ అయిపోయింది. కన్ను ఒక్కటే మిగిలింది.

ఈలోగా ఉలూకాక్షుడు చేట కిందికి దించి గుడ్డని లాక్కోబోయాడు. గంగులమ్మవ్వ పడవ తెడ్డు ఎత్తి, చేట అడుగున ఒకటి ఇచ్చుకుంది. చేటకి చెరగడమే తెలుసు కదా, మాంత్రికుణ్ణి మూడుసార్లు పైకి ఎగరేసి పట్టి, పొట్టు చెరిగినట్టు తుంగ అవతలికి విసిరేసింది.

సింగారప్ప కుంచె కొసని మసిలో ముంచాడు. అంతలో పెద్ద గాలి లేచింది. మడుగులో మిగిలిన కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. పడవ ముక్కు మీది కొంగ కూడా, రెక్కలని ఎవరో లాగినట్టు, కాళ్ళు పడవనే పట్టుకుని ఉండగానే పైకి లేచిపోతోంది. అది సింగారప్ప వైపే చూస్తోంది. రెక్కలు మాత్రం దాని మాట వినడం లేదు.

"నాంచారీ, ఆగవే!"

గుడ్డని పళ్ళ మధ్య, కుంచెని చెవి మీద పెట్టి, రెండు చేతులా దాని కాళ్ళు పట్టుకున్నాడు. కొంగ మనిషిని మోస్తుందా అని అడగకండి. ముప్పై తొమ్మిది రోజులు గంజి, పాచి సంగటి తిన్న మనిషి అతను. గాలి రోజున పంచె కొస మీద రాయి పెట్టి ఆరేసినట్టు కూర్చోబెట్టేది గంగులమ్మవ్వ. పైగా చుట్టుపక్కల ఆరు కొంగలు వచ్చి, పంచెని అటు మూడు ఇటు మూడు తెడ్డుమూతులతో పట్టుకుని ఎత్తాయి. మడుగు కిందికి జారిపోయింది. పడవ వేపాకంత అయింది.

"కన్ను పెట్టరా!" కింద నుంచి గంగులమ్మవ్వ కేక సన్నగా వచ్చింది. "కన్ను పెట్టు, అబ్బోడా! ఇంకేం చూస్తాండావు?"

సింగారప్ప మోచేతులని కొంగ కాళ్ళ చుట్టూ పెనవేసి, ఒక చెయ్యి విడిపించుకుని, చెవి మీద కుంచె తీశాడు. గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఖాళీ కన్ను ఎదురుగా ఉంది. ఒక్క చుక్క. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత ఒక్క చుక్క. కుంచె కొస గుడ్డకి నువ్వుగింజంత దూరంలోకి వచ్చి ఆగింది.

కిందికి చూశాడు. రెండు వందల తాటిచెట్ల లోతు.

చుక్క పెడితే కొంగ మనిషవుతుంది. మనిషికి రెక్కలుండవు.

"పెడితే రాలిపోతాం అవ్వా!" అని అరిచాడు. పళ్ళ మధ్య గుడ్డ ఉంది కాబట్టి ఆ అరుపు అతని గొంతు దాటలేదు.

కుంచెని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. గుడ్డని చుట్టి, తలపాగాలో కలిపి గట్టిగా ముడేశాడు. మిగిలిన తలపాగా కొసతో తన మణికట్టుని కొంగ కాలికి కట్టేసుకున్నాడు. ముత్తెపుకోట బురుజులు వెనకాల ఆవగింజలంతై కనుమరుగయ్యాయి. ఆపైన పేరు తెలియని అడవి. ఆపైన పేరు తెలియని నది.

"నాంచారీ, యాడన్నా దించవే. ముళ్ళపొదైనా సరే. కాలు మోపితే చాలు, ఒక్క చుక్క పెడతా."

కొంగ మెడ వంచి చూసింది. తెడ్డుమూతి రెండుసార్లు టకటకమంది. రెక్కలు అలాగే ఉత్తరానికి కొడుతున్నాయి. దించాలని ఉంది గానీ, వడగాలి రోజున రెక్కలు గాలివి, కొంగవి కావు.

"ఎన్నాళ్ళకి ఆగుతాయి ఇవి?"

మూతి మళ్ళీ టకటకమంది. ఒకటి, రెండు, మూడు.

"మూడు రోజులా?"

అది అలాగే చూసింది. ఆ చూపు సింగారప్పకి తెలిసిందే. తెలివితక్కువ ప్రశ్న అడిగినప్పుడు ఇంట్లో చూసే చూపే.

"మూడు నెలలు," అన్నాడు తనే. "మంచుకొండలకి."

కొండలు దాటితే లోపలి మనిషి ఉండదు. దాటకముందే, ఏదో ఒక శిఖరం మీద, ఏదో ఒక రాతి మీద, దీన్ని నేలకి దించాలి. ఎలా దించాలో ఏ తాతా చెప్పలేదు. వెనక్కి తిరిగి చూస్తే మడుగు వైపు నుంచి చేట ఒకటి పైకి లేచి, నిమ్మకాయంత ఉన్నది చూస్తుండగానే కొబ్బరికాయంత అవుతోంది. దాని ముందు పొడుచుకొచ్చిన ముక్కు ఇంకా స్పష్టంగా కనబడుతోంది.

సింగారప్పకి ఒళ్ళంతా ఒక నొప్పి ముద్దయింది. చేతులు తెగి పడిపోతాయేమో అనిపించింది. కళ్ళు వాలిపోతున్నాయి. మసి ఎండిపోకుండా చెవి మీది కుంచె తీసి, కొసని నాలుకతో తడిపి మళ్ళీ పెట్టుకున్నాడు. గంజికుండ చేదు నోరంతా పాకింది. తలని కొంగ పొట్ట కింది మెత్తటి ఈకలకి ఆనించాడు. లోపల గుండె నూరుడు రాయి తిరిగినట్టు గడగడా కొట్టుకుంటోంది.

"సరేలే, పద," అన్నాడు. "వాడు దగ్గరికొస్తే లేపు."